కొండపత్తి డెండ్రోగ్రామ్‌ను వంశవృక్షం అనవచ్చా?

నాగావళి_గట్టు
నిన్న ఎమ్మెస్సీ ప్రాజెక్టు వైవా అయింది. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది, అందుకే ఇక్కడ రాస్తున్నాను. పొందూరు చుట్టుపక్కల పొలాల్లోనూ, కొండల అంచున ఉన్న ఊళ్లలోనూ తిరిగి, అక్కడివాళ్లు కొండపత్తి అని పిలిచే పత్తి ఆకులు తెచ్చి డీఎన్‌ఏ తీశాను. పత్తితో పని చేసినవాళ్లకు ఆ బాధ తెలుసు. గొట్టం అడుగున తెల్లగా తేలాల్సిన ముద్ద గోధుమరంగుకు తిరుగుతుంది, మెర్కాప్టోఇథనాల్ కంపు రెండు రోజులైనా చేతిని వదలదు. ఐఎస్‌ఎస్‌ఆర్ ప్రైమర్లతో (పదేపదే వచ్చే ముక్కల మీద అతుక్కునే చిన్న డీఎన్‌ఏ పోగులు) పీసీఆర్ చేశాను, అంటే వాటి మధ్య భాగాలకు లక్షల నకళ్లు తీశాను. జెల్ మీద బ్యాండు ఉంటే 1, లేకపోతే 0 వేసి పోలికను బట్టి గుంపులు కట్టే యూపీజీఎంఏ పద్ధతిలో డెండ్రోగ్రామ్ (కొమ్మల బొమ్మ) గీశాను. మొక్కలు చక్కగా రెండు గుంపులయ్యాయి. థీసిస్‌కు "పునరావృత డీఎన్‌ఏ మార్కర్ల ఆధారంగా పత్తి రకాల పరిణామ సంబంధాలు" అని పేరు పెట్టాను. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఆ బొమ్మ చూసి, "ఇది పోలికల పట్టిక, వంశవృక్షం కాదు. 'పరిణామ' అన్న మాట కొట్టేయండి" అన్నారు. ఇదే పద్ధతితో, ఇలాంటి పేర్లతోనే వందల పేపర్లు వచ్చాయి. నా ఒక్కరికే ఎందుకీ శిక్ష?

ఉద్దానం_జీడి
మాట కొట్టేయమన్నారు, మార్కులు కొట్టేయలేదు కదా. స్వీట్లు పంచండి.

బొబ్బిలి_వీణ
ఆ ఎగ్జామినర్ తీరు నాకు నచ్చలేదు. మన జిల్లా కాలేజీల్లో ఉండేది ఒక పీసీఆర్ మిషను, ఒక జెల్ ట్యాంకు. ఐఎస్‌ఎస్‌ఆర్‌కు ముందుగా జీనోమ్ (ఆ మొక్క డీఎన్‌ఏ మొత్తం) గురించి ఏమీ తెలియనక్కరలేదు, ఖర్చు తక్కువ, ఒక్క ప్రైమర్‌తోనే బోలెడు బ్యాండ్లు వస్తాయి. 1994 నుంచి ప్రపంచమంతా వాడుతున్న పద్ధతి. దగ్గరి రకాల మధ్య దగ్గరితనం అది చూపిస్తుంది. ఆ దగ్గరితనం పరిణామం వల్ల కాక ఎక్కడి నుంచి వచ్చింది?

కోట_జంక్షన్
వందసార్లు అచ్చయితే తప్పు ఒప్పవుతుందా వీణ గారూ? ఈ ప్రైమర్ ఒక మైక్రోశాటిలైట్ (చిన్న ముక్క వరసగా పదేపదే వచ్చే చోటు) మీద అతుక్కుంటుంది, ఎదురుగా ఇంకోదాని మీద అతుక్కుంటుంది, మధ్యలో ముక్క పెరుగుతుంది. రెండు మొక్కలకు 750 అక్షరాల (డీఎన్‌ఏ బేసుల) పొడవు దగ్గర బ్యాండు వచ్చిందనుకుందాం. రెండూ జీనోమ్‌లో ఒకే చోటి ముక్కలని ఎలా తెలుసు? కోసి సీక్వెన్స్ చేయలేదు కదా. బ్యాండు రాలేదంటే ఆ ముక్కే లేదా, ప్రైమర్ అతుక్కునే చోట ఒక్క అక్షరం మారిందా, లేక ఆ గోధుమరంగు డీఎన్‌ఏతో పీసీఆర్ మొరాయించిందా? అన్నింటికీ ఒకటే 0. పైగా యూపీజీఎంఏ అన్ని కొమ్మలూ ఒకే వేగంతో మారాయని ముందే అనుకుని గీస్తుంది. దానికి ఏ అంకెలిచ్చినా చెట్టు గీసి చేతిలో పెడుతుంది. గరివిడి మాంగనీసు ధరలిచ్చినా సరే.

పైడితల్లి_సిరిమాను
మాంగనీసు డెండ్రోగ్రామ్ ఎవరైనా గీస్తే నాకు ఒక కాపీ.

చీపురుపల్లి_మాస్టారు
ఇద్దరూ ఒకే తాడును రెండు కొసల నుంచి లాగుతున్నారు. "పునరావృత డీఎన్‌ఏ" అని ఒక్క పేరు పెట్టేస్తాం కానీ, అందులో ఒకదానితో ఒకటి పొంతన లేనివి ఉన్నాయి. మనిషి జీనోమ్‌లో దాదాపు సగం ఈ సరుకే.

మైక్రోశాటిలైట్ సంగతి చూడండి. ఒకటి నుంచి ఆరు అక్షరాల ముక్క వరసగా పదిసార్లో ఇరవైసార్లో వస్తుంది. నకలు తీసే ఎంజైము అక్కడ జారి ఒక ముక్క ఎక్కువో తక్కువో వేస్తుంది. ఒక్కో స్థానంలో వెయ్యి నుంచి పదివేల తరాలకు ఒకసారి అలా జరుగుతుంది. మామూలు అక్షర మార్పుల ముందు ఇది మహావేగం. బిడ్డ తండ్రెవరో తేల్చాలన్నా, ఒకే జాతిలో ఏ ఊరి మొక్క ఏ ఊరి మొక్కకు దగ్గరో చూడాలన్నా ఆ వేగమే వరం. కాలంలో లోతుకు పోయేకొద్దీ అదే శాపం. ఒక వంశంలో 15 ముక్కలు 16 అయి మళ్లీ 15కు వస్తాయి, ఇంకో వంశంలో 14 పెరిగి 15 అవుతాయి. జెల్ మీద పొడవు ఒకటే, చరిత్రలు వేరు.

ఇక దూకే ముక్కల, అంటే జీనోమ్‌లో ఇంకోచోట దూరే డీఎన్‌ఏ ముక్కల, స్వభావం పూర్తిగా వేరు. మనిషిలో ఆలూ అనే ముక్క ఉంది. పొడవు సుమారు 300 అక్షరాలు, మన జీనోమ్‌లో పది లక్షలకు పైగా కాపీలు. ఒకచోట చొరబడ్డాక అది ఆనవాలు లేకుండా ఊడి పోవడం దాదాపు ఉండదు. ఇంకో వంశంలో విడిగా సరిగ్గా అదే అక్షరం దగ్గర అదే ముక్క దూరడం మహా అరుదు. ఏళ్ల తరబడి జవాబు పత్రాలు దిద్దినవాడిని. ఇద్దరు పిల్లలు ఒకే సరైన జవాబు రాస్తే చూచిరాత అని పట్టుకోలేను. ఇద్దరూ ఒకే వాక్యంలో ఒకే వింత తప్పు రాశారా, ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. పైగా ఇక్కడ దిశ కూడా ముందే తెలుసు: ముక్క లేకపోవడం పాత స్థితి, ఉండడం కొత్తది. మీ జెల్ మీది 0కు ఆ అర్థం లేదు. ఎగ్జామినర్ అభ్యంతరం అక్కడే ఉండి ఉంటుంది.

ఎచ్చెర్ల_హాస్టల్
మాస్టారూ, ఆ దూకే ముక్కలతో నిజంగా తేల్చిన చుట్టరికం ఏదైనా ఒకటి చెప్పండి.

చీపురుపల్లి_మాస్టారు
తిమింగలం. టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో నొరిహిరో ఒకాడా బృందం 1997లో సైన్ ముక్కలు (ఆలూ లాంటి పొట్టి దూకే ముక్కలు) దూరిన చోట్లు చూసి తిమింగలాలు, నీటిగుర్రాలు, నెమరువేసే జంతువులు ఒక శాఖ అనీ, పందులూ ఒంటెలూ ఆ శాఖకు బయట ఉన్నాయనీ చూపించింది. 1999లో ఇంకొన్ని చోట్లు చూసి, ఇప్పుడు బతికున్నవాటిలో తిమింగలానికి అత్యంత దగ్గరి చుట్టం నీటిగుర్రమేనని తేల్చారు.

ఎచ్చెర్ల_హాస్టల్
నీటిగుర్రం చూడడానికి పందిలాగే ఉంటుంది కదా?

చీపురుపల్లి_మాస్టారు
అందుకే చాలాకాలం పుస్తకాల్లో దాన్ని పంది పక్కనే కూర్చోబెట్టారు.

పైడితల్లి_సిరిమాను
నేనూ మా బావమరిది ఒకే పోలిక అంటారు అందరూ. ఎవరి జీనోమ్‌లో ఏ ముక్క దూరిందో చూపించుకోవాలి.

బొబ్బిలి_వీణ
మాస్టారూ, తిమింగలం సరే. మా పిల్లల చేతికి పత్తి సైన్ల ప్రైమర్లు ఎవరిస్తారు? సీక్వెన్సింగ్ డబ్బు ఎవరు కడతారు? మా దగ్గరున్నది యూబీసీ 810, అంటే జీఏ ఎనిమిదిసార్లు, చివర ఒక టీ. దానితో ఏమి తెలుస్తుందో అది రాయనివ్వండి. అదీ వద్దంటే పల్లె కాలేజీల్లో ప్రాజెక్టులు మూసుకోవాలి.

కోట_జంక్షన్
రాయవద్దని ఎవరూ అనలేదు. తెలిసినంతే రాయమంటున్నాం. నాగావళి గారూ, ఒక ప్రశ్న. మీ రెండు గుంపుల్లో ఒకటి దేశవాళీ పత్తి, ఇంకోటి అమెరికన్ పత్తి కాదు కదా?

నాగావళి_గట్టు
రైతులు అన్నింటినీ కొండపత్తి అనే చెప్పారు. కొన్ని పెరట్లో మొక్కలు. ఒక గుంపు మొక్కల పువ్వు పసుపు, రేకుల అడుగున ఎర్ర మచ్చ. ఫోటోలు ఉన్నాయి. రెండో గుంపువి చాలావరకు పూత లేనప్పుడు తీసుకున్నాను.

చీపురుపల్లి_మాస్టారు
ఇంకేముంది, గుట్టు అక్కడే ఉంది. కాయను కప్పి మూడు ఆకులు ఉంటాయి చూడండి. వాటి అంచు దాదాపు నున్నగా, మూడు నాలుగు చిన్న పళ్లతో ఉంటే ఆర్బోరియం, మన దేశీ పత్తి. అంచు లోతుగా చీలి పొడుగాటి పళ్లతో ఉంటే హిర్సుటం, అమెరికన్. దాని పువ్వు లేత మీగడ రంగు, సాధారణంగా మచ్చ ఉండదు. అనుమానం తీరకపోతే మొలక వేరు కొసలో క్రోమోజోములు లెక్కపెట్టండి. 26 వస్తే దేశీ, 52 వస్తే అమెరికన్. దానికి పీసీఆర్ కూడా అక్కర్లేదు, మైక్రోస్కోపు చాలు.

ఉద్దానం_జీడి
ఇన్ని ప్రైమర్లు పోసి చివరికి కాయ మూత చూస్తే తెలిసేదే కనుక్కున్నారన్నమాట.

నాగావళి_గట్టు
జీడి గారూ, మీకు పుణ్యముంటుంది, నేరుగా అలా అనకండి. ఫోటోలు పెద్దవి చేసి చూస్తున్నాను. రెండో గుంపులో రెండు మొక్కల కాయలు కనిపించాయి. మాస్టారు చెప్పినట్టే లోతుగా చీలిన అంచులు.

కోట_జంక్షన్
అయితే లెక్క మారింది. పత్తి జీనోమ్ రకాలను అక్షరాలతో పిలుస్తారు. ఆర్బోరియంది 'ఏ' (A) జీనోమ్. హిర్సుటంలో 'ఏ', 'డీ' (D) రెండూ ఉన్నాయి. 10 నుంచి 20 లక్షల ఏళ్ల క్రితం 'ఏ' రకం పత్తి ఒకటీ, అమెరికా ఖండపు 'డీ' రకం ఒకటీ కలిసి పుట్టిన జాతి అది. అంటే మీ రెండు గుంపుల మధ్య ఉన్నది కొమ్మలు చీలిన చుట్టరికం కాదు. ఒకదాని దాయాది ఇంకోదానిలో సగం. అలాంటి చరిత్రను రెండేసి కొమ్మలుగా చీలే డెండ్రోగ్రామ్‌లో ఎలా చూపిస్తారు? డీ జీనోమ్ నుంచి వచ్చే బ్యాండ్లన్నీ ఆర్బోరియంలో 0 అవుతాయి, దూరం బోలెడంత పెరిగి కనిపిస్తుంది.

ఇంకో చిక్కు. 1998లో వచ్చిన ఒక పని ప్రకారం, రెండు జీనోమ్‌లూ ఒకే కణంలోకి వచ్చాక 'ఏ' వైపు ఉండే పునరావృత ముక్కలు కొన్ని డీ క్రోమోజోముల మీదికి కూడా పాకాయి. కాబట్టి ఈ ముక్క 'ఏ' వైపుది, ఆ ముక్క 'డీ' వైపుది అని కళ్లు మూసుకుని చెప్పడానికీ లేదు.

వాలుగ_దవడ
మా ఇంట్లో మూడు తరాలుగా పొందూరు నూలు పనే. మీరు రాస్తున్నది సగం అర్థమైంది, సగం కాలేదు. నాకు పరిణామం అక్కర్లేదు. గింజ చుట్టూ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వేటప్పుడు మా అమ్మ వేళ్లతోనే చెప్పేస్తుంది, ఇది కొండపత్తి, ఇది కాదు అని. కొనేవాడికి ఆ వేళ్లు లేవు. మీ పరీక్షతో బట్ట చూసి అసలు కొండపత్తేనని కాగితం ఇవ్వగలరా?

బొబ్బిలి_వీణ
ఇదీ అసలు ప్రశ్న. బట్ట నుంచి కష్టమండీ. పత్తి పోగు అంటే గింజ పైపొరలోని ఒక్క కణం సాగి సాగి ఏర్పడింది, ఎండాక అందులో మిగిలే డీఎన్‌ఏ అంతంతమాత్రం. ఉడకబెట్టి, చలువ చేశాక అది కూడా ముక్కలైపోతుంది. గింజ దగ్గర ఉన్నప్పుడే, అంటే మీ అమ్మగారి చేతిలో ఉన్నప్పుడే పరీక్ష చేయడం తేలిక. దేశీ, అమెరికన్ తేడా చెప్పడానికి కొన్ని మైక్రోశాటిలైట్ మార్కర్లు సరిపోతాయి. జంక్షన్ గారూ, ఇక్కడ మార్కరు చరిత్ర చెప్పనక్కరలేదు, గుర్తుపడితే చాలు. ఒప్పుకుంటారా?

కోట_జంక్షన్
గుర్తుపట్టడానికైతే నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. ఐఎస్‌ఎస్‌ఆర్ వద్దు, స్థానం తెలిసిన ఎస్‌ఎస్‌ఆర్‌లు, అంటే మీరన్న మైక్రోశాటిలైట్ మార్కర్లే వాడండి.

ఎచ్చెర్ల_హాస్టల్
నేరస్థులను పట్టుకునే డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ కూడా ఇదేనా?

చీపురుపల్లి_మాస్టారు
ఆ కుటుంబమే. 1984లో లెస్టర్‌లో అలెక్ జెఫ్రీస్ మినీశాటిలైట్లతో (మైక్రోశాటిలైట్లకన్నా పొడుగాటి ముక్కలు వరసగా వచ్చే చోట్లు) మొదలుపెట్టారు. మన హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్ వేరే దారిలో వచ్చారు. పట్టెల కట్లపాము డీఎన్‌ఏలో జీఏటీఏ పదేపదే వచ్చే భాగం ఒకటి ఉంది, ఆడపాములో డబ్ల్యూ అనే లింగ క్రోమోజోము మీద గుంపుగా ఉంటుంది. లింగ నిర్ధారణ మీద పని చేస్తూ దొరికిన ఆ ముక్క నుంచి తయారైన ప్రోబే (తనకు సరిపోయే డీఎన్‌ఏను పట్టి చూపే ముక్క) తరువాత ఇక్కడి కోర్టు కేసుల్లో వాడుకలోకి వచ్చింది.

ఉద్దానం_జీడి
జీడితోటలో పాము కనిపిస్తే ఇకపై దండం పెట్టి పక్కకు తప్పుకుంటాను.

ఎచ్చెర్ల_హాస్టల్
ఒక సందేహం. మా ల్యాబులో ఉన్న ఎస్‌ఎస్‌ఆర్ ప్రైమర్లన్నీ హిర్సుటం సీక్వెన్స్ చూసి తయారైనవి. వాటిని దేశీ పత్తి మీద వాడవచ్చా?

బొబ్బిలి_వీణ
వాడవచ్చు, కానీ రెండు గోతులు ఉన్నాయి. ప్రైమర్ అతుక్కునే చోట దేశీలో అక్షరం మారి ఉంటే ముక్క పెరగదు. అది నిజంగా లేదో, పెరగలేదో తెలియదు. రెండోది ఇంకా లోతైనది. మార్కర్లు ఎంచేటప్పుడు పొడుగ్గా, బాగా మారేవాటినే ఏరుకుంటాం కాబట్టి, ఏ జాతి నుంచి ఏరితే ఆ జాతిలోనే పొడవు ఎక్కువగా కనిపిస్తుంది. 1990ల్లో మనిషి మైక్రోశాటిలైట్లు చింపాంజీవాటికన్నా పొడవని చెప్పినప్పుడు ఈ గొడవే లేచింది. తరువాత ఆవు నుంచి తీసినవీ గొర్రె నుంచి తీసినవీ రెండు వైపులా పరీక్షిస్తే, ఆవు నుంచి తీసినవి ఆవులో, గొర్రె నుంచి తీసినవి గొర్రెలో పొడవుగా తేలాయి.

ఇంకొకటి, దయచేసి అగరోజ్ జెల్ మీద ఎస్‌ఎస్‌ఆర్ పొడవులు చదవవద్దు. రెండక్షరాల తేడా అక్కడ కనబడదు. పాలీఅక్రిలమైడ్ జెల్ అయినా పోయండి, లేకపోతే డబ్బు కట్టి కాపిల్లరీ యంత్రం ఉన్న ల్యాబుకు పంపండి.

చీపురుపల్లి_మాస్టారు
వీణమ్మా, ఇది బంగారంలాంటి మాట. ఒకే జాతి లోపల మైక్రోశాటిలైట్లు ఎంత పని చేస్తాయో వరి చూస్తే తెలుస్తుంది. 2005లో 234 రకాల వరిని 169 ఎస్‌ఎస్‌ఆర్‌లతో, రెండు క్లోరోప్లాస్ట్ స్థానాలతో చూస్తే ఇండికా, ఆస్, సువాసన రకాలు, ఉష్ణమండల జపోనికా, సమశీతోష్ణ జపోనికా అని ఐదు గుంపులు స్పష్టంగా వచ్చాయి. అదే వరిలో, అడవి వరి నుంచి సాగు వరి ఎన్నిసార్లు పుట్టిందన్న పాత ప్రశ్నకు మాత్రం 2003లో జపాన్ వాళ్లు పీ-సైన్1 అనే వరి సైన్ ముక్కలు పట్టుకున్నారు. ఇండికా, జపోనికా వేర్వేరు అడవి వరి గుంపులకు దగ్గరగా తేలాయి. పంట ఒకటే, ప్రశ్నను బట్టి మార్కరు మారింది.

కోట_జంక్షన్
డబ్బు మాట వచ్చింది కాబట్టి. జీనోమ్ మొత్తం చదవకుండా, అందులో కొద్ది భాగం మాత్రం యాదృచ్ఛికంగా సీక్వెన్స్ చేయిస్తే, ఎక్కువ కాపీలున్న ముక్కలే ఎక్కువగా చేతికి వస్తాయి. వాటిని రిపీట్‌ఎక్స్‌ప్లోరర్ అనే ప్రోగ్రాములో పోస్తే కుటుంబాలుగా గుంపు కడుతుంది. చెక్ దేశం వాళ్ల సర్వరు, ఉచితం. ఏ మొక్కలో ఏ కుటుంబం ఎంత ఉందో అన్న లెక్కతోనే వంశవృక్షం గీయవచ్చని 2015లో డాడ్స్‌వర్త్ బృందం పొగాకు కుటుంబంతో సహా అనేక గుంపుల మీద చూపించింది. ప్రైమర్లు లేవు, జెల్ లేదు.

బొబ్బిలి_వీణ
ఇప్పుడు నా వంతు. పత్తి మీదే మీ పద్ధతి తిరగబడుతుంది. పత్తిలో డిప్లాయిడ్ (రెండు సెట్ల క్రోమోజోములున్న) జాతులన్నింటికీ 13 జతల క్రోమోజోములే, కానీ జీనోమ్ పరిమాణంలో దాదాపు మూడు రెట్ల తేడా. పెరూ డీ జాతిలో సుమారు 880 మెగాబేసులు (ఒక్కోటి పది లక్షల అక్షరాలు), మన 'ఏ' జాతుల్లో సుమారు 1,700, ఆస్ట్రేలియా కే జాతుల్లో సుమారు 2,500. 2006లో పత్తి పరిశోధకుడు వెండెల్ ల్యాబు కారణం వెతికితే గోర్జ్3 అనే రెట్రోట్రాన్స్‌పోజాన్ (తన నకళ్లు పెంచుకుంటూ దూకే ముక్క) గుంపు పెద్ద జీనోమ్‌లున్న శాఖల్లో విడివిడిగా ఉబ్బిందని తేలింది. మీరు కేవలం ఎంత ఉందో లెక్కపెడితే 'ఏ', 'కే' పక్కపక్కన కూర్చుంటాయి. రెండిళ్లలో ఒకే సరుకు పోగుపడితే అన్నదమ్ములైపోతారా? బ్యాండు ఎత్తు చూసి మోసపోవద్దని నాకు చెప్పిన మీరే ఇప్పుడు కుప్ప ఎత్తు చూస్తున్నారు.

పైడితల్లి_సిరిమాను
కోట తలుపులు బద్దలయ్యాయి.

కోట_జంక్షన్
బద్దలేమీ కాలేదు, గట్టి దెబ్బే తగిలింది. ఒక్క గోర్జ్3 మీద ఆధారపడితే మీరన్నట్టే అవుతుంది. అందుకే వందల కుటుంబాలు కలిపి లెక్క వేస్తారు. ఎంత ఉందన్నది పక్కనబెట్టి, ఒకే కుటుంబంలోని ముక్కల సీక్వెన్సులు ఎంత పోలి ఉన్నాయో చూసే పద్ధతి 2020లో వచ్చింది, మీ అభ్యంతరానికి అది కొంత జవాబు. సంకరజాతుల దగ్గర రెండూ తడబడతాయి, కాదనను. హిర్సుటం మీద నేనైతే వాడను.

చీపురుపల్లి_మాస్టారు
నేను ఇంతసేపు పొగిడిన సైన్ల మీద కూడా ఒక చీటీ అంటించాలి. జాతులు వెంటవెంటనే చీలిపోతే, పాత తాతల దగ్గర కొందరికి ఉండి కొందరికి లేని ముక్క యాదృచ్ఛికంగా ఈ కొమ్మకూ ఆ కొమ్మకూ పంచబడుతుంది. 2015లో పక్షుల మీద 2,118 రెట్రోట్రాన్స్‌పోజాన్ మార్కర్లు పెట్టి చూస్తే, నియోఏవిస్ (నేటి పక్షుల్లో అధిక భాగం ఉన్న శాఖ) పక్షుల తొలి చీలికల దగ్గర మార్కర్లు ఒకదానితో ఒకటి కొట్టుకున్నాయి. ముక్క మళ్లీ అదే చోట దూరిందని కాదు, పంపకమే అలా జరిగింది. అక్కడ చెట్టు కన్నా వల గీయడం నిజాయితీ.

ఎచ్చెర్ల_హాస్టల్
తేలినీలాపురం కొంగలకు కూడా ఇంత చరిత్ర ఉందా!

నాగావళి_గట్టు
అందరివీ చదివాను. పేరు ఇలా మార్చితే? "శ్రీకాకుళం జిల్లాలో కొండపత్తి పేరుతో సాగవుతున్న మొక్కల జన్యు వైవిధ్యం: ఐఎస్‌ఎస్‌ఆర్ పోలికలు". రెండు గుంపులు రెండు జాతులని వేరు కొసలతో నిర్ధారిస్తాను. ఆ తరువాత ఆర్బోరియం మొక్కలను మాత్రమే తీసుకుని ఎస్‌ఎస్‌ఆర్ చేస్తాను, ఊళ్ల మధ్య తేడా ఉందో లేదో తేలుతుంది. ఎగ్జామినర్ మీద కోపం మాత్రం ఇంకో వారం ఉంటుంది.

ఉద్దానం_జీడి
పేరు పొడవైంది. మైక్రోశాటిలైట్ లాగా జారి ఒక ముక్క ఎక్కువ పడినట్టుంది.

వాలుగ_దవడ
మా దగ్గర నిరుటి గింజలు రెండు సంచులున్నాయి, ఏ ఊరి రైతు దగ్గర కొన్నదో చీటీ రాసి ఉంది. వచ్చి తీసుకోండి. డబ్బు వద్దు, మా గింజల్లో ఏది కల్తీయో నాకూ చెప్పండి చాలు.

బొబ్బిలి_వీణ
గింజలు రాగానే కొన్ని తడిబట్టలో మొలకెత్తించండి నాగావళీ. వేరు సెంటీమీటరు దాటగానే ఉదయం పూట కోయండి. స్లైడ్లు నా దగ్గరికి తెస్తే కలిసి లెక్కపెడదాం. నిరుటి గింజ కాబట్టి మొలకశాతం పడిపోయి ఉండవచ్చు, ఎక్కువే నానబెట్టండి.

కోట_జంక్షన్
ఎస్‌ఎస్‌ఆర్ చేసేటప్పుడు హెర్బేసియం నమూనాలు కూడా పెట్టండి. అది ఆర్బోరియం సోదర జాతి. బయటి జాతి ఒకటైనా లేకపోతే మీ చెట్టుకు మొదలు ఎటో, కొస ఎటో తెలియదు. నాగపూర్ కేంద్ర పత్తి పరిశోధన సంస్థ దగ్గర విత్తనాల సేకరణ ఉంది. మీ కాలేజీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాయించండి. 0, 1 పట్టిక ఫైలు కూడా ఒకసారి నాకు పంపండి. హిర్సుటం వరసలు తీసేసి ఆర్బోరియం మొక్కల మధ్య ఏమి మిగులుతుందో చూసి చెబుతాను.